కారు మైలేజీ పడిపోయిందా? వైజాగ్‌లో కారు నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మైలేజీ తగ్గిందనగానే మనవాళ్లు ముందు ఇంజన్‌నే అనుమానిస్తారు. ఇంజన్ దాకా వెళ్లకుండానే తేలిపోయేవి చాలా ఉన్నాయి. అందుకే పైసా ఖర్చు లేని వాటిని ముందు పెట్టి, ఖర్చయ్యేవి తర్వాత రాశాను. మధ్యలో కొన్ని అటూ ఇటూ అయ్యాయి, సర్దుకోండి.

కంపెనీ వాళ్లు లీటరుకి 22 అన్నారు, నాకు 14 వస్తోంది. బండిలో ఏదో తేడా ఉన్నట్టేగా?

అలా అనుకోనక్కర్లేదు. ఆ 22 మన రోడ్ల మీద కొలిచింది కాదు. ల్యాబ్‌లో రోలర్ల మీద బండి ఎక్కించి, ఏసీ ఆపేసి, గంటకి 90 కిలోమీటర్లు దాటకుండా, ముందే రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం నడిపితే వచ్చిన అంకె. ఆ రోలర్ల మీద మద్దిలపాలెం సిగ్నల్ ఉండదు, ఎన్ఏడీ దగ్గర సాయంత్రం రద్దీ ఉండదు, అత్తగారింటి నుంచి తెస్తున్న బియ్యం బస్తా ఉండదు. సిటీలో ఏసీ వేసుకుని తిరిగే చిన్న పెట్రోల్ కారు కంపెనీ చెప్పినదాంట్లో మూడింట రెండు వంతులు ఇస్తే అది మామూలే.

మీ బండి ఆరు నెలల క్రితం ఎంత ఇచ్చేదో దాంతో పోల్చండి. అదే రూటు, నడిపేదీ మీరే, అయినా 15 ఇచ్చేది 12కి దిగిందంటే అప్పుడు వెతకాలి. కొన్నప్పటి నుంచీ 14 ఇస్తుంటే మాత్రం మీ బండి ఇచ్చేది అంతే, ఇక షెడ్డు చుట్టూ తిరగకండి.

డ్యాష్‌బోర్డులో చూపించే అంకె నమ్మొచ్చా?

ఈ వారం కంటే పోయిన వారం బాగుందా లేదా అని చూసుకోవడానికి పనికొస్తుంది. లెక్క కోసం మాత్రం నమ్మకండి, చాలా బళ్లలో అది కాస్త ఎక్కువే చూపిస్తుంది.

ట్యాంక్ ఫుల్ చేయించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర ఫుల్ చేయించండి. 412 కిలోమీటర్లకి 29.4 లీటర్లు పట్టిందంటే లీటరుకి 14. రెండుసార్లూ నాజిల్ మొదటిసారి టక్కున ఆగగానే ఆపించేయాలి, ఇక్కడే అందరి లెక్కా తప్పుతుంది. "రౌండ్ ఫిగర్ చేసేయమంటారా సార్" అని బంకు కుర్రాడు ఇంకో లీటరు నొక్కుతాడు, దాంతో మీ లెక్క పోతుంది. పైగా పెట్రోల్ కార్లలో ట్యాంకు ఆవిరిని పట్టుకునే క్యానిస్టర్ ఒకటి ఉంటుంది, గొంతు దాకా నింపితే అది పాడయ్యే అవకాశం ఉంది. ఒక్కసారి కొలిచి ఏ నిర్ణయానికీ రాకండి, మూడు ట్యాంకులు చూడండి.

ఇంకో సంగతి, కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేయించుకుంటే చక్రం ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే వేస్తుంది. అంటే తిరిగిన దూరం తక్కువగా కనపడి, నిజంగా తగ్గినదాని కంటే మైలేజీ ఇంకా ఎక్కువ పడిపోయినట్టు అనిపిస్తుంది. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని ఒక 20 కిలోమీటర్లు సరిచూస్తే తెలిసిపోతుంది.

సరే, నిజంగానే తగ్గింది. ముందు ఏం చూడాలి?

గాలి. నవ్వుకుంటారు కానీ ముందు గాలే. డ్రైవరు తలుపు తీస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది, ఎంత గాలి ఉండాలో అందులో రాసి ఉంటుంది, ఇద్దరికి ఒకటి, ఫుల్ లోడుకి ఒకటి. చిన్న కార్లలో మామూలుగా 30 నుంచి 35 పీఎస్ఐ మధ్య. 33 ఉండాల్సిన టైరులో 24 ఉన్నా కళ్లతో చూస్తే తేడా తెలియదు, ఇప్పటి రేడియల్ టైర్లు కొంచెం ఉబ్బినట్టు ఉండటం మామూలే కాబట్టి. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మధ్యాహ్నం ఎండలో గాజువాక నుంచి వచ్చి బంకులో చూపిస్తే వేడికి నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ కనపడుతుంది, అక్కడి కుర్రాడు "ఎక్కువుంది సార్" అని తీసేస్తాడు, తెల్లారేసరికి మళ్లీ తక్కువే. కొన్ని వందల రూపాయలకి చేతి గేజ్ వస్తుంది, ఒకటి కొని డ్యాష్‌లో పడేయండి.

మైలేజీ కోసమని 40 కొట్టించకండి. వర్షాకాలంలో తడిసిన బీచ్ రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ఆ ఆదా అంతా గుర్తొస్తుంది.

గాలి సరిగ్గానే ఉంది. తర్వాత?

బ్రేకులు. మన ఊళ్లో దీన్ని రెండో స్థానంలో పెట్టడానికి కారణం సముద్రం. లాసన్స్ బే కాలనీ, పాండురంగాపురం, ఎంవీపీ, రుషికొండ వైపు ఉండేవాళ్ల బళ్ల అడుగు భాగం చూస్తే తెలుస్తుంది ఉప్పు గాలి ఎంత పని చేస్తుందో. ముందు డిస్క్ బ్రేకుల్లో కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) అటూ ఇటూ జరగడానికి రెండు పిన్నులుంటాయి, వాటి మీద రబ్బరు తొడుగులుంటాయి. ఆ తొడుగు ఎక్కడైనా చిట్లితే తేమ లోపలికి వెళ్లి పిన్ను తుప్పు పడుతుంది, కాలిపర్ వెనక్కి జరగదు, మీరు పెడల్ మీద నుంచి కాలు తీసేసినా ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది. వెనక డ్రమ్ముల్లో అయితే హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి పూర్తిగా వదలదు. రెండు వారాలు ఊరెళ్లి వచ్చి, సెల్లార్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచిన బండి తీస్తే "టక్" మని శబ్దం వచ్చి కదులుతుంది చూడండి, అదే ఇది.

పట్టుకోవడం తేలిక. ఖాళీ రోడ్డు మీద ఒక పది కిలోమీటర్లు వెళ్లండి, ఉదాహరణకి పొద్దున్నే రుషికొండ నుంచి భీమిలి వైపు. చివర్లో గట్టిగా బ్రేకు కొట్టకుండా యాక్సిలరేటర్ వదిలేసి నెమ్మదిగా ఆగండి. దిగి నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూడండి, రిమ్ముకి రెండంగుళాల దూరంలో చాలు. డిస్కుని మాత్రం ముట్టుకోకండి, చర్మం ఊడుతుంది. ముందు రెండూ ఒకేలా వేడిగా ఉంటే ఫర్వాలేదు, ముందు బ్రేకులు ఎప్పుడూ ఎక్కువే వేడెక్కుతాయి. కానీ ఎడమది గోరువెచ్చగా, కుడిది సెగలు కక్కుతూ ఉంటే దొరికిపోయినట్టే. అనుమానం ఉంటే జాకీ ఎత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పండి (మిగతా చక్రాలకి ఇటుకలు పెట్టడం మర్చిపోవద్దు). సన్నగా రాసుకునే శబ్దం వస్తూ ఒకటి రెండు చుట్లు తిరిగితే బాగున్నట్టు, తోసినంత మేరకే తిరిగి ఆగిపోతే పట్టేసినట్టు.

మెకానిక్ దగ్గరికి వెళ్తే మొదటి మాట "ప్యాడ్లు మార్చేద్దాం" అంటారు. ప్యాడ్ మందంగానే ఉంటే మార్చక్కర్లేదు, పిన్నులు బయటికి తీసి శుభ్రం చేసి, చిట్లిన తొడుగులు మార్చి, బ్రేకుల కోసం ఉండే సిలికాన్ గ్రీజు పెట్టమనండి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి నెల తిరక్కుండా మళ్లీ పట్టేస్తుంది. ఇక చదునైన చోట చాలా రోజులు బండి వదిలేసి వెళ్లేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి, చక్రానికి ఇటుక పెట్టి వెళ్లండి.

చెక్ ఇంజన్ లైటు వెలగలేదు. అంటే సెన్సార్లన్నీ బాగున్నట్టేనా?

కాదు. లైటు వెలగాలంటే సెన్సారు చెప్పే విలువ హద్దు దాటాలి. హద్దు లోపలే ఉండి తప్పు చెప్పే సెన్సారు ఉంటే లైటు వెలగదు, పెట్రోల్ మాత్రం పోతూనే ఉంటుంది.

స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లోని అంకెలు చదవడానికి. దానికి పెట్టే బ్లూటూత్ ముక్క ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫోన్‌లో ఏదో ఒక యాప్ వేసుకుంటే సరిపోతుంది. అందులో వంద అంకెలు కనపడి టెన్షన్ పెడతాయి, మీరు రెండే చూడండి.

మొదటిది కూలెంట్ ఉష్ణోగ్రత. బండి స్టార్ట్ చేసిన పది నిమిషాల్లో ఇది 80 దాటి, తర్వాత దాదాపు 85 నుంచి 95 డిగ్రీల మధ్య నిలబడాలి. సిటీలో 85 ఉండి, హనుమంతవాక దాటి హైవే ఎక్కి 80 స్పీడులో వెళ్లేసరికి 70కి జారిపోతోందంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) తెరుచుకుని ఉండిపోయింది, లేదా అసలు లేదు. లేకపోవడమేంటి అంటారా, "మన వేడికి ఇదెందుకండీ" అని పీకేసే మేస్త్రులు ఇప్పటికీ ఉన్నారు. పాత కారు కొన్నవాళ్లు ముందు ఇదే అనుమానించాలి. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోల్ పోస్తూ ఉంటుంది, ఇంజన్ ఆయిల్ కూడా చిక్కగానే ఉండిపోతుంది, మీటరులో ముల్లు మధ్యలోకి రాలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోరు. దీనికి కంప్యూటర్ చూపించాల్సిన లోపం కోడ్ పీ0128, చాలాసార్లు అదీ రాదు. థర్మోస్టాట్ పెద్ద ఖరీదైన వస్తువు కాదు, దాంతో పాటు కూలెంట్ కొత్తది పోయించండి, కుళాయి నీళ్లు వద్దు.

రెండోది లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. పేరు చూసి బెదరకండి. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ లేదా తక్కువ పెట్రోల్ పోయాల్సి వస్తోందో చెప్పే అంకె ఇది. ప్లస్ 5, మైనస్ 5 మధ్య ఉంటే హాయిగా ఉండండి. ప్లస్ 10 దాటితే ఎక్కడో లెక్కలో లేని గాలి దూరుతోంది (పగిలిన వాక్యూమ్ పైపు, వదులైన క్లిప్పు, సెల్లార్‌లో ఎలుక కొరికిన గొట్టం), లేకపోతే ఫ్యూయల్ పంపు నీరసించింది. మైనస్ 10 దాటితే ఇంజెక్టరు (ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మేది) కారుతోందనో, ప్రెషర్ ఎక్కువైందనో అనుకోవాలి. అయితే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచే ఆక్సిజన్ సెన్సారే అబద్ధం చెప్తుంటే ఈ ట్రిమ్ కూడా దాని మాటే వింటుంది, కాబట్టి ఈ ఒక్క అంకె చూసి ఇంజెక్టర్లు మార్పించేయకండి. లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో ఆ సెన్సారు పని తీరు మెకానిక్ చేత గ్రాఫ్‌లో చూపించుకోవడం మంచిది.

కోడ్ ఏదైనా ఉంటే చెరిపే ముందు ఫొటో తీసి పెట్టుకోండి.

ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మారిస్తే మైలేజీ వస్తుందా?

ఎయిర్ ఫిల్టర్ వల్ల పెద్దగా రాదు. కార్బొరేటర్ బళ్ల కాలం నాటి మాట ఇది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్ లోపలికి వచ్చిన గాలిని బట్టే పెట్రోల్ పోస్తుంది, ఫిల్టర్ మూసుకుపోతే పికప్ తగ్గుతుంది కానీ మైలేజీ అంతగా మారదు. పోర్టు, సింధియా, మల్కాపురం వైపు రోజూ తిరిగేవాళ్లకి నల్లదుమ్ము వల్ల తొందరగా మురికి పడుతుంది, అది వేరే సంగతి, ఇంజన్ ఆరోగ్యం కోసం తొందరగానే మార్చుకోండి.

ప్లగ్గులు మాత్రం నిజంగా తేడా చేస్తాయి, ముఖ్యంగా ఐడిల్‌లో ఇంజన్ ఒక్కోసారి తడబడుతుంటే. మామూలు ప్లగ్గులు ఎప్పుడు మార్చాలో, ఇరిడియం అయితే ఎప్పుడో బండి పుస్తకంలో ఉంటుంది, తేడా చాలా ఉంటుంది కాబట్టి ఎవరో చెప్పిన లెక్క వద్దు. ఆయిల్ కూడా అంతే. 0డబ్ల్యూ-20 పోయాల్సిన ఇంజన్‌లో "చిక్కగా ఉంటే మంచిది సార్" అని 20డబ్ల్యూ-50 పోస్తే ఆ బరువు మోసేది మీ పెట్రోలే.

ఏసీ వల్ల ఎంత పోతుంది?

చిన్న ఇంజన్ కారుకి సిటీలో లీటరుకి ఒకటి, రెండు కిలోమీటర్లు పోవడం మామూలే. మన ఉక్కపోతకి ఏసీ చల్లబరచడమే కాదు, గాలిలో తేమని కూడా పిండాలి, అందుకే అదే బండి పొడి వేడి ఉన్న ఊళ్లో కంటే ఇక్కడ ఎక్కువ కష్టపడుతుంది. దానికి తోడు గ్యాస్ తగ్గిందనుకోండి, కండెన్సర్ దుమ్ముతో నిండిందనుకోండి, కంప్రెసర్ ఎంతకీ కట్ కాదు. ముందు గ్రిల్లు వెనక కండెన్సర్‌ని మెల్లగా నీళ్లు కొట్టి కడిగించడానికి అయ్యే ఖర్చు ఎంత చెప్పండి. ఎండలో పెట్టిన బండి ఎక్కగానే అద్దాలు దించి ఒక నిమిషం వెళ్లి, వేడి గాలి పోయాక ఏసీ వేస్తే దాని పని కొంత తగ్గుతుంది. హైవేలో 80 స్పీడులో అద్దాలు దించుకుని వెళ్లడం కంటే ఏసీ వేసుకోవడమే నయం. సాయంత్రం బీచ్ రోడ్డులో 30 స్పీడులో అయితే ఏసీ ఎందుకసలు?

ఇదంతా ఆ ఇథనాల్ పెట్రోల్ వల్లే అంటున్నారు కదా?

కొంత నిజం. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదాని కంటే సుమారు మూడో వంతు తక్కువ. అందులో 20 శాతం కలిపితే లీటరులో శక్తి ఆ మేరకు తగ్గక తప్పదు. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలోనే, మామూలు పెట్రోల్ కోసం తయారై ఈ10కి (10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) సర్దుబాటు చేసిన కార్లలో ఈ20 (20 శాతం కలిపినది) వాడితే 6 నుంచి 7 శాతం, ఈ10 కోసం తయారై ఈ20కి సర్దుబాటు చేసిన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గుతుందని అంచనా వేశారు.

ఈ లెక్కన 15 ఇచ్చే పాత బండి 14కి దిగితే ఇథనాల్‌ని తిట్టుకోండి, న్యాయమే. 15 నుంచి 11కి పడితే అది ఇథనాల్ పని కాదు. ఇప్పుడు ప్రతి రోగానికీ ఇదే కారణం చెప్పేస్తున్నారు, దాని చాటున పట్టేసిన బ్రేకులు, పీకేసిన థర్మోస్టాట్లు హాయిగా తప్పించుకుంటున్నాయి.

బంకులోనే కొలత తక్కువ పోస్తున్నారేమో?

అనుమానం ఉంటే అడగండి, సిగ్గెందుకు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి, అడిగితే మీ ముందే పోసి చూపించాలి. 5 లీటర్లకి 25 మిల్లీలీటర్ల దాకా అటూ ఇటూ ఉండొచ్చు, అంతకు మించితే ఆ శాఖకి ఫిర్యాదు చేయండి. 500కి బదులు 510 కొట్టించుకుంటే మోసం చేయలేరని, తెల్లవారుజామున పోయించుకుంటే ఎక్కువ వస్తుందని వాట్సాప్‌లో తిరిగేవి వదిలేయండి. ట్యాంకు భూమిలో ఉంటుంది, పొద్దున్నకీ మధ్యాహ్నానికీ దాని వేడిలో పెద్ద తేడా ఉండదు.

డీజిల్ బండి, 2020 తర్వాత కొన్నది. సిటీలో దారుణంగా తాగుతోంది.

రోజూ సీతమ్మధార నుంచి ద్వారకానగర్, మళ్లీ ఇల్లు, ఇంతే తిప్పుతున్నారా? అయితే డీపీఎఫ్ గురించి తెలుసుకోవాలి. 2020 కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటే అదే, అది నిండినప్పుడు బండి అదనంగా డీజిల్ వాడి ఆ మసిని కాల్చేస్తుంది. దీనికి బండి ఒక ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తాలి. మీరు మధ్యలో ఇల్లు వచ్చేసిందని ఆపేస్తారు, రేపు మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ ఆపేస్తారు. ఆపేసిన తర్వాత కూడా ఫ్యాన్ గట్టిగా తిరగడం, ఐడిల్ కొంచెం ఎక్కువగా ఉండటం, కాలిన వాసన, ఇవి గుర్తులు. డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగిందంటే మిగిలిపోయిన డీజిల్ ఆయిల్‌లో కలుస్తోంది, వెంటనే ఆయిల్ మార్పించాలి. వారం పది రోజులకోసారి హైవే ఎక్కి తగరపువలస దాకా ఒకే వేగంతో వెళ్లి రండి. అదీ కుదరదంటే మీకు డీజిల్ బండి నప్పదు, మొహమాటం లేకుండా చెప్తున్నాను.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోల్ మిగులుతుందట?

మిగలదు, పైగా ప్రాణం మీదికి వస్తుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్షన్ బండి పెట్రోల్ పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ తాగాల్సిందే. అనంతగిరి ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగితే భారం మొత్తం బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి చివరి మలుపులో పట్టవు.

ఎక్కేటప్పుడు అసలు దొంగ హాఫ్ క్లచ్. సింహాచలం కొండ మీదికి పండగ రోజు వరసలో క్లచ్ మీద బండిని నిలబెట్టకండి, హ్యాండ్ బ్రేక్ వాడండి. క్లచ్ ఇప్పటికే పోయిందేమో తెలుసుకోవాలంటే, ఖాళీ రోడ్డులో నాలుగో గేరులో 40 మీద యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఇంజన్ గొంతు పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది.

మైలేజీ పెంచే పరికరం, టైర్లలో నైట్రోజన్, పవర్ పెట్రోల్?

మైలేజీ పెంచుతుందని చెప్పి సాకెట్‌లో పెట్టమని అమ్మే పరికరంలో ఒక లైటు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. నైట్రోజన్ తప్పేం కాదు, కానీ మామూలు గాలిలోనే దాదాపు 78 శాతం అదే. పవర్ పెట్రోల్ వల్ల లాభం ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ అడిగే ఇంజన్‌కే, మామూలు కారులో పోస్తే బంకు వాడికి లాభం.

మెకానిక్‌కి ఏమని చెప్పాలి?

"మైలేజీ తగ్గింది, చూడండి" అని తాళాలిచ్చి రాకండి, ఫుల్ సర్వీసింగ్ బిల్లు వస్తుంది. "మూడు ట్యాంకులు కొలిచాను, 15 నుంచి 12కి వచ్చింది, కుడి ముందు చక్రం వేడెక్కుతోంది" అని చెప్పి చూడండి, ఆటోనగర్‌లో అయినా కంపెనీ షోరూంలో అయినా మాట తీరే మారిపోతుంది. ఒకేసారి నాలుగు పార్టులు మార్పించకండి. ఒకటి మార్చి, ఒక ట్యాంకు కొలిచి, అప్పుడు రెండోది. తీసేసిన పాత పార్టు ఇమ్మని ముందే చెప్పండి.

పన్నెండేళ్ల కారు, 11 ఇస్తోంది. ఇంజన్ పని చేయించాలా?

ముందు కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలిచేది) చేయించండి, అది చిన్న ఖర్చే. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా ఉంటే ఇంజన్ విప్పనివ్వకండి. ఒకటి బాగా తక్కువగా ఉంటే అప్పుడు లెక్క వేసుకోండి. నెలకి 600 కిలోమీటర్లు తిరుగుతారు, 11 నుంచి 14కి తెస్తే నెలకి పన్నెండు లీటర్ల లోపే మిగులుతుంది, లీటరు 108 అనుకుంటే సుమారు 1,250 రూపాయలు. ఇంజన్ పనికి 50 వేలు అడిగారంటే అది తిరిగి రావడానికి మూడేళ్లు దాటుతుంది. పొగ రావడం లేదు, ఆయిల్ తాగడం లేదు అంటే అలాగే నడిపించేయండి. ఆయిల్ కూడా తాగుతుంటే ఆ 50 వేలు తర్వాతి బండికి దాచుకోవడం మేలు.